గుంటూరున తీసిన గ్రహణ చిత్రములు

సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున చంద్రబింబపు అంచున ఎఱ్ఱని జ్వాలలవంటివి కానవచ్చును. 1842లో ఐరోపాఖండమున గ్రహణమును చూచిన శాస్త్రజ్ఞులు వాటిని వర్ణించిరి. కాని అవి సూర్యునివా, చంద్రునివా, లేక కంటి భ్రమయా అను వివాదము తెగలేదు. గ్రహణము నిమిషములలో ముగియును. చీకటిలో త్వరత్వరగా గీసిన బొమ్మలు ఒకదానితో నొకటి పొసగలేదు.

అట్టి వివాదమున ఛాయాచిత్రము సాక్ష్యము పలికినది. సంపూర్ణ గ్రహణమును చక్కగా పట్టిన మొదటి చిత్రమును 1851లో కోనిగ్స్‌బర్గున బెర్కోవ్‌స్కీ తీసెను. 1860లో స్పెయిను దేశమున వారెన్ డి లా రూ ఒకచోట, సెక్కీ మఱియొకచోట చిత్రములు తీసిరి. రెంటిని పోల్చగా జ్వాలల ఆకృతి ఒక్కటే. చంద్రుడు కదలినకొలది అవి ఒకవైపున మరుగుపడుచు, రెండవవైపున బయల్పడుచుండెను. అవి సూర్యునివే యని తేలినది.

మఱి అవి ఏ పదార్థముతో నైనవి? 1868 ఆగస్టు 18న చంద్రుని నీడ మన తెలుగునేలపై సాగినపుడు ఈ ప్రశ్నకు సమాధానము దొరకినది. మచిలీపట్టణమున పాగ్సన్, నాటి నిజాము రాజ్యములోని వనపర్తిలో మద్రాసు నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి, గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మేజర్ టెన్నెంట్ విడిసియుండిరి.

చిత్రములు తీయుటకు టెన్నెంట్ బృందము తొమ్మిది అంగుళముల దర్పణముగల దూరదర్శినిని నిలిపెను. నాటికి ఫిలుములు లేవు. గాజుపలకకు కొలోడియను పూసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, తడి ఆరకముందే చిత్రము తీసి, చీకటిలో కడుగవలెను. సూర్యుడు పూర్తిగా మరుగుపడి యుండునది ఆరు నిమిషములైనను లేదు. పలుచని మబ్బు అడ్డుపడినను ఆరు పలకలు దక్కెను. వాటిపై ఒక పెనుజ్వాల కొమ్మువలె నిలిచియుండెను. దానికి 'మహాశృంగ' మను పేరు వచ్చినది.

అదే గుంటూరున జాన్సెన్ తన వర్ణపటదర్శినిలో ఆ జ్వాలల కాంతి వెలుగురేఖలుగా విడివడుట చూచెను. అవి వెలుగుచున్న వాయువులని, వాటిలో ఉదజని ముఖ్యమని స్థిరపడినది. మరునాడు గ్రహణము లేకయే జ్వాలలను చూడగల ఉపాయమును ఆయన ఆచరించి చూపెను. ఆ కాంతిలోని పసుపుపచ్చ రేఖ హీలియము అను క్రొత్త మూలకమునకు చెందినదని తరువాత తేలినది. 1895లో రాంసే దానిని భూమిపైనను కనుగొనెను.

చీకటిలో పలక కడుగువాడు ఆకాశమును చూడజాలడు. గ్రహణముకొఱకే దూరమునుండి వచ్చియు, ఆ కొద్ది నిమిషములను అతడు పలకకే అర్పింపవలసి యుండెను. తాము కన్నులార చూడలేని దానిని ఇతరులు తీరికగా పరిశీలించుటకై అట్టివారు చేసిన పనికి మన గుంటూరు వేదికయైనది.