ప్లాస్మా: ఒకే మాట, రెండు పనులు

ప్లాస్మా అనగానే మనకు నెత్తురే గుర్తొస్తుంది. గ్రీకులో ఈ మాటకు మలిచినది, రూపు దిద్దినది అని అర్థం. ప్లాస్టిక్ కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. 19వ శతాబ్దంలో రక్తంలోని ద్రవభాగానికి ఈ పేరు వచ్చింది. 1928లో శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అయనీకరించిన వాయువుకూ ఇదే పేరు పెట్టాడు. రక్తకణాలను మోసే ద్రవం ఆయనకు తలపుకొచ్చిందని సహోద్యోగి మాట్-స్మిత్ తరవాత రాశాడు.

రెంటికీ ఒకే పేరైతే గందరగోళం కాదా అనవచ్చు. కొంత నిజమే, కానీ వైద్యానికి వాడే పాలిమర్ల దగ్గర ఆ రెండూ నిజంగానే కలుస్తాయి. ప్రయోగశాలలో కణాలను పెంచే పాలిస్టైరీన్ పళ్లెం సహజంగా నీటిని అంటనివ్వదు, దాని మీద కణాలూ సరిగా అతుక్కోవు. ఆక్సిజన్ ప్లాస్మా తగిలితే పైపొరలో, కొద్ది నానోమీటర్ల మేర మాత్రమే, ఆక్సిజన్ ఉన్న రసాయన సమూహాలు చేరతాయి. అప్పుడు రక్తం నుంచి తీసిన, రక్త ప్లాస్మాకు దగ్గరి ద్రవమైన సీరంలోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అనే ప్రోటీన్లు అక్కడ అనువుగా నిలిచి కణాలకు పట్టునిస్తాయి. పాలిమర్‌నే మార్చేయవచ్చు కదా అంటే, దాని గట్టిదనం, పారదర్శకత వదులుకోవాల్సి రావచ్చు. ఇంకో అభ్యంతరం బలమైనదే: సిలికోన్ మీద ఈ మార్పు నిలవదు, కాలం గడిచేకొద్దీ ఉపరితలం మళ్లీ నీటిని తోసేస్తుంది. అందుకే అక్కడ ప్లాస్మా ఒక్కటే చాలదు. అది సిద్ధం చేసిన ఉపరితలానికి నీటితో కలిసే పాలిమర్ గొలుసులను రసాయన బంధంతో అతికిస్తారు.