రోగి మాట వినడానికీ మార్కులు

పెన్షనరు మిత్రులకు డాక్టరు గది కొత్త కాదు. నిరుడు మా శ్రీమతిని మోకాలి నొప్పికి చూపించడానికి తీసుకెళ్తే, డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్ము చూశారు గాని ఆమె ముఖం చూడలేదు. మేడమీది పూజగదికి మెట్లెక్కలేకపోతున్నానన్నదే ఆమె బాధ. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

వినడం నేర్పితే వచ్చే విద్యేనా? ఆరా తీస్తే కెనడా చరిత్ర కంటబడింది. ఇంగ్లండులో జనరల్ ప్రాక్టీసు చేసిన డాక్టర్ ఇయాన్ మెక్‌విన్నీ 1968లో కెనడా వెళ్లి, ఒంటారియోలోని లండన్ నగర విశ్వవిద్యాలయంలో (ఇది వేరే లండన్ సుమండీ) కుటుంబ వైద్య ఆచార్యులయ్యారు. జబ్బు వేరు, జబ్బుతో మనిషి పడే అవస్థ వేరు అన్నది ఆయనా, సహచరులూ పట్టుకున్న సూత్రం. రోగి భయమేమిటి, తనకేమైందనుకుంటున్నాడు, రోజువారీ పనులకు ఏమి ఆటంకం, డాక్టరు నుంచి ఏమి ఆశిస్తున్నాడు – ఈ నాలుగూ అడిగి తెలుసుకోవాలన్నారు.

అక్కడి ఫ్యామిలీ డాక్టర్ల కాలేజీ పరీక్షలో చాలా ఏళ్లు ఒక డాక్టరే రోగిగా నటించేవారు. పావుగంటలో రోగం కనిపెడితే చాలదు. రోగి మనసులోనిది రాబట్టినందుకూ మార్కులుండేవి. 2011లో ఆ కాలేజీ శిక్షణ పద్ధతినే మార్చి, ఏ వార్డులో ఎన్ని నెలలు గడిపాడన్నదానికన్నా ఏమి చేయగలడన్నదే ముఖ్యమంది.

మన దేశంలోనూ 2019లో ఎం.బి.బి.ఎస్.లో చేరినవారితో సామర్థ్యం ఆధారంగా నేర్పే పాఠ్యక్రమం మొదలైంది. రోగితో మాట్లాడే తీరు అందులో ఒక పాఠం. ఆ బ్యాచివారు చదువు ముగించుకున్నారు. వారిలో ఎవరైనా మా పేటలో బోర్డు కడితే, మా ఆవిడను ఆ మోకాలితోనే మళ్లీ తీసుకెళ్దామని ఉంది.