కోనసీమ క్రాప్ హాలిడే: ఇంటర్ ఎకనామిక్స్‌లో ఉన్న లెక్క

ఈ ఎపిసోడ్‌లో ఇంటర్ ఎకనామిక్స్ గురించి మాట్లాడుకుందాం. నేను ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్. సీఈసీ అంటే మార్కులు రానివాళ్ల గ్రూపు అనే మాట మన దగ్గర అందరం విన్నదే. కానీ ఆ గ్రూపు పుస్తకంలోని ఒక పాఠం చదివితే 2011లో కోనసీమలో ఏం జరిగిందో బాగా అర్థమవుతుంది.

ముందు ఆ పుస్తకం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్ 1969-70లో వచ్చింది. అంతకు కొంచెం ముందు, 1968లో, తెలుగు అకాడమీ పెట్టారు. పి.వి. నరసింహారావు గారు దానికి మొదటి అధ్యక్షులు. కాలేజీ చదువు తెలుగులో చెప్పాలంటే పుస్తకాలు కావాలి, పుస్తకాలు రాయాలంటే మాటలు కావాలి కదా. స్థిర వ్యయం, చర వ్యయం లాంటి మాటలు అలా అమలాపురం, రాజోలు, కొత్తపేట పిల్లల నోట్సుల్లోకి చేరాయి.

ఈ రెండు మాటలూ చాలా సింపులండీ. పంట వేసినా వేయకపోయినా తప్పని ఖర్చు స్థిర వ్యయం, ఉదాహరణకి పాత అప్పు మీద వడ్డీ. పంట వేస్తేనే అయ్యే ఖర్చు చర వ్యయం: విత్తనం, ఎరువు, ఊడ్పు కూలి, కోత కూలి. ఊరికే లెక్క కోసం అనుకుందాం. ఎకరానికి స్థిర వ్యయం 5 వేలు, చర వ్యయం 20 వేలు, పంట అమ్మితే వచ్చేది 18 వేలు. పంట వేస్తే నష్టం 7 వేలు. వేయకపోతే 5 వేలు. అమ్మగా వచ్చే డబ్బు చర వ్యయానికి కూడా చాలకపోతే ఆపేయడమే మేలు అంటుంది పుస్తకం.

2011 సార్వాలో కోనసీమ రైతులు చేసింది ఇదే. 1852కల్లా కాటన్ ఆనకట్ట పూర్తయి, కాలువ నీళ్లు పారుతున్న డెల్టా ఇది. అలాంటి చోట దాదాపు లక్ష ఎకరాల్లో ఊడ్పులు జరగలేదని అప్పటి పత్రికలు రాశాయి. కూలి రేట్లు, ఎరువుల ధరలు పెరిగాయి. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి. అంతకు ముందు ఏడాది లైలా, జల్ తుఫాన్లు వచ్చాయి. బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద 2008 నుంచి నిషేధం ఉంది, అది 2011 సెప్టెంబరులో గానీ పోలేదు. మామూలు రకం ధాన్యానికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకి 1080 రూపాయలు. పెట్టుబడి మీద యాభై శాతం కలిపి ధర ఇవ్వాలన్న స్వామినాథన్ కమిషన్ సిఫారసు అమలు చేయమని రైతులు అడిగారు. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది.

అయితే ఈ పాఠం రైతు దగ్గరే ఆగిపోతుందండీ. ఆ 20 వేల చర వ్యయంలో ఊడ్పుకెళ్లే ఆడవాళ్ల కూలీ ఉంది. రైతుకి తగ్గిన ఖర్చు వాళ్లకి పోయిన పని. సొంత పొలం ఉన్నాయన ఒక సీజన్ ఆగగలడు. ఏటా ఆ చేను మీదే బతికే కౌలు రైతు, కూలీ ఎన్నాళ్లు ఆగుతారు? లెక్క తప్పు కాదు. అది ఎవరి లెక్క అని మాత్రం అడగాలి.

2022లో కోనసీమ కొత్త జిల్లా అయిన ఏడాదే క్రాప్ హాలిడే మాట మళ్లీ వినపడింది. ఈ లెక్క మనూరి చేలల్లో ఇంకా నడుస్తూనే ఉంది. అందుకే ఏ గ్రూపు పిల్లాడికైనా ఈ ఒక్క పాఠం చెబితే బాగుంటుందని నాకనిపిస్తుంది. మీ ఇంట్లో 2011 సార్వా గుర్తున్న పెద్దవాళ్లుంటే, ఆ ఏడాది ఎవరికి ఎంత పోయిందో అడిగి చూడండి. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.