కుగ్లర్ ఆస్పత్రి: 1904 నాటి జిల్లా కంటే ఆరేళ్లు పెద్దది

గుంటూరులో వైద్యం మాట వస్తే మా ఊరివాళ్లు 1946లో పెట్టిన మెడికల్ కాలేజీతో మొదలుపెడతారు. అసలు కథ అంతకు అరవై ఏళ్ల ముందుది. అది డాక్టర్ ఆనా సారా కుగ్లర్ కథ.

ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకున్నారు. 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు గానీ, డాక్టరుగా కాదు. వైద్యం పని చేపట్టడానికి మిషన్ పెద్దలు అప్పటికింకా సిద్ధపడలేదు. ఆడపిల్లలకూ, ఘోషా ఇళ్లలోని స్త్రీలకూ చదువు చెప్పే పని అప్పగించారు. ఆ పని చేస్తూనే రోగులనూ చూశారామె. వైద్యురాలిగా నియామకం 1885 చివర్లో గానీ రాలేదు. మరుసటి ఏడే డిస్పెన్సరీ తెరిచారు.

ఆ రోజుల్లో ఇంటి ఆడవాళ్ల నాడి మగ డాక్టరు చూడటానికి చాలా ఇళ్లలో ఒప్పుకునేవారు కాదు. కాన్పు కష్టమైతే మంత్రసాని హస్తవాసి, దేవుడి దయ. ఆడ డాక్టరు ఇంటికే వస్తుందంటే తలుపు తెరిచారు. కానీ రోగిని ఆస్పత్రిలో ఉంచడం వేరే సంగతి. పరాయి మతంవాళ్ల కప్పు కింద పడక అంటే మడి, వంట, కులం అన్నీ అడ్డొచ్చేవి.

1898లో యాభై పడకల ఆస్పత్రి తెరుచుకుంది. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలో ఒక పట్టణం. సొంత జిల్లా మళ్లీ వచ్చింది 1904లో. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా ఆస్పత్రి దగ్గరే హిందూ రోగుల బంధువులకు సత్రం కట్టించారు. మడి చిక్కు చాలావరకు అలా తీరింది. పెద్దింటివాళ్లే వెళ్తున్నప్పుడు మనకేమిటని మిగతావాళ్లూ కదిలారు.

ఆస్పత్రి తెరవకముందే, 1895లో, కుగ్లర్‌కు డాక్టర్ మేరీ బేయర్ తోడయ్యారు. ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని నేర్పారు. చీరాలలోనూ మిషన్ ఆస్పత్రి వెలిసింది. కుగ్లర్‌కు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జూలైలో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. ఇప్పుడు ఆస్పత్రికి ఆమె పేరే.

భవనాలు కట్టినవాళ్లు ఊళ్లో మరికొందరు ఉన్నారు. జబ్బు చేసిన ఆడమనిషిని గడప దాటించి డాక్టరుకు చూపించాలన్న అలవాటు ఊరికి నేర్పింది మాత్రం కుగ్లర్. 1883 నుంచి 1898 దాకా పదిహేనేళ్లు పట్టిన పని అది. మన ఊరి వైద్య చరిత్ర రాస్తే కాలేజీకి ముందు ఆ పదిహేనేళ్లు రాయాలి.