విడిభాగముల మోటారు బండ్లు – జీర్ణోద్ధారము



లోకమందు రథమెక్కువాడు వేఱు, రథమును చేయువాడు వేఱు. మోటారు బండ్లు వచ్చిన పిమ్మట ఈ భేదము మఱింత హెచ్చినది. కొనువాడు రూకలు చెల్లించును, కర్మాగారము బండి నిచ్చును. లోపలి యంత్రమెట్లు తిరుగుచున్నదో ఎక్కినవాని కక్కఱలేదు. అయినను ఇంగ్లండు దేశమున ఒక వర్గమువారు ఈ రీతికి ఒడంబడలేదు. వారు పాతబండ్ల భాగములను సంపాదించి, ఇంటి వెనుక కొట్టములలో తమ బండ్లను తామే కట్టుకొనిరి. క్రమముగా కొందఱు వర్తకులు భాగములను పెట్టెలలో కూర్చి విక్రయింపసాగిరి. కొన్నవాడే వానిని బిగించి బండిగా చేసికొనవలెను. ఇట్టి బండికి కిట్ కారు అని పేరు. దీని చరిత్రమును, నేడు ఆ పాతబండ్లను బాగుచేయువారి నడుమ పుట్టిన ఒక ధర్మసందేహమును మీకు విన్నవించెదను.

ఈ కథకు మూలపురుషుడు హెర్బర్ట్ ఆస్టిన్. అతని కర్మాగారము బర్మింగ్‌హామ్ సమీపమున లాంగ్‌బ్రిడ్జి యందుండెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము సామాన్య సంసారికి మోటారు బండి అందని ఫలమై యుండెను. పక్కతొట్టి తగిలించిన మోటారు సైకిలే అతనికి గతి. ఆస్టిన్ 18 ఏండ్ల స్టాన్లీ ఎడ్జి అను చిత్రలేఖకుని తోడు చేసికొని, ఒక చిన్నబండిని రూపించి 1922లో లోకమునకు చూపెను. అదియే ఆస్టిన్ సెవెన్. ప్రారంభమున దాని వెల 165 పౌనులు. నాలుగు సిలిండర్ల ఇంజను. దాని పరిమాణము మొదట 696, పిదప 747 ఘనసెంటీమీటర్లు. ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ ఆఱడుగుల మూడంగుళములు మాత్రమే. 1939 వఱకు ఇంచుమించు 2,90,000 బండ్లు తయారైనవి.

ఈ బండి చట్రము మిక్కిలి సులువైనది. రెండు ఇనుప దూలములు వెనుక ఎడముగను, ముందు దగ్గఱగను చేరి, నిచ్చెన పైకొన వలె కుదించుకొని పోవును. పైనున్న గూడును విప్పి దింపినచో క్రింద చక్రములు, ఇంజను, చట్రము నిలిచి యుండును. ఈ సౌలభ్యమే తరువాతి కథ కంతటికి కారణము. ఇరువది యేండ్లు తిరిగిన బండి పైగూడు చీకి పడిపోవును. చట్రము మాత్రము గట్టిగా నుండును. అల్పమైన వెలకు దానిని కొని, పైన తనకు నచ్చిన తేలికైన రేకుగూడు కట్టుకొన్న యువకునికి పందెములలో పరుగిడు బండి సిద్ధించెను. ఇట్లు మార్చిన బండికి వారు స్పెషల్ అని పేరిడిరి.

ఒంటరిగా పనిచేయువానికి సందేహములు మెండు. అందువలన 1939లో బిల్ బాడీ అను పత్రికా సంపాదకుని పూనికతో 750 క్లబ్బు ఏర్పడెను. ఇంజను పరిమాణము 750కి చేరువగుటచే సంఘమునకు ఆ పేరు. యుద్ధము ముగిసిన పిదప హాలండ్ బర్కెట్ అను పశువైద్యుడు దానికి ప్రాణమై నిలిచెను. ఈ సంఘము ధనికుల వినోదసభ కాదు. ఒకడు ఇరుసును క్రిందికి దింపు ఉపాయము కనుగొన్నచో దానిని పదుగురికి చెప్పును. మఱియొకని యొద్ద మిగిలిన పండ్లచక్రము వేఱొకని కొట్టము చేరును. లెస్లీ బాలమీ అను నతడు ముందు ఇరుసును నడుమ రెండుగా కోసి, మధ్య కీలు పెట్టి, చక్రములు దేనికది ఎగసి దిగునట్లు చేసిన పద్ధతి ఎందఱి బండ్లకో ప్రాకెను.

ఆ పని యెట్టిదో కొంచెము చెప్పెదను. ఆస్టిన్ సెవెన్ ఇంజనులో చిరకాలము మెలికదండమునకు రెండు ఆధారములే యుండెడివి; మూడవది 1936లోగాని రాలేదు. వేగము హెచ్చిన కొలది ఆ దండము నడుమ వంగి అదరును. ఆ దండమును పట్టు కడ్డీల పెద్దకొనలందు కరగించి పోసిన తెల్లలోహము అఱిగినప్పుడు మరల పోసి, చేతితో గీకి సరిచేయవలెను. ఆ బ్రేకులను లాగునవి తీగలు. అవి సాగినచో బండి ఆగుట దైవాధీనము. కావున కొందఱు తరువాతి కాలపు బండ్లనుండి నూనె యొత్తిడితో పనిచేయు బ్రేకులను తెచ్చి బిగించిరి. ఇంత పనియు సామాన్య గుమాస్తాలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు దీపపు వెలుగున నేర్చికొనిరి.

యుద్ధానంతరమున బ్రిటనులో క్రొత్తబండ్లు దొరకుట దుర్లభమయ్యెను. తయారైనవానిలో హెచ్చుభాగము విదేశములకు ఎగుమతి కావలసియుండెను. పెట్రోలునకు చీట్లు. ఆ దినములలో కాలిన్ చాప్మన్ అను యువకుడు లండను విశ్వవిద్యాలయ కళాశాలలో నిర్మాణశాస్త్రము చదువుచు, తీరికవేళ పాతబండ్ల బేరము చేసెడివాడు. 1947 చివర ప్రభుత్వము సామాన్యులకిచ్చు పెట్రోలు వంతును నిలిపివేయగా పాతబండ్ల ధర పడిపోయెను. అతని చేత పాత ఆస్టిన్ సెవెన్ ఒకటి అమ్ముడు పోక మిగిలెను. దానిని 1948లో, తరువాత తనకు భార్యయైన హేజెల్ విలియమ్స్ తలిదండ్రుల యింటి వెనుక కొట్టములో విప్పి, రేకు అతికిన పలుచని చెక్కతో క్రొత్తగూడు కట్టెను. అదియే లోటస్ అను పేరు వహించిన బండ్లలో మొదటిది. లోటస్ అనగా మన పద్మమే.

1951లో అతడు మఱియొక బండితో పందెములకు వచ్చెను. ఆస్టిన్ ఇంజనులో రెండేసి సిలిండర్లకు ఒక్కొక్క ప్రవేశద్వారము ఉమ్మడిగా నుండును. అందువలన ఒకటి గాలి పీల్చుచుండగా రెండవదానికి కొఱత కలుగును. చాప్మన్ ఆ ద్వారముల నడుమ అడ్డుపలక పెట్టి దేనికది వేఱుచేసెను. అతని బండిని అందుకొనువారు లేకపోయిరి. సంఘమువారు ఆ యుక్తిని మెచ్చియు, మఱుసటి యేటికి దానిని నిషేధించుచు నియమము చేసిరి. ఏలయనగా పందెమునందు అల్పధనులందఱును సమానముగా నిలువవలె ననుట వారి సంకల్పము.

1952లో హేజెల్ ఇచ్చిన 25 పౌనుల అప్పుతో లోటస్ సంస్థ లండనులోని హార్న్‌సీ యందు, అతని తండ్రి నడపు హోటలు వెనుకనున్న గుఱ్ఱపుసాలలో ఆరంభమయ్యెను. ఇక్కడ పన్నుల సంగతి చెప్పక తప్పదు. బ్రిటిషు ప్రభుత్వము 1940లో కొనుగోలు పన్ను విధించెను. 1951లో మోటారు బండ్లపై అది టోకు ధరలో 66⅔ శాతమునకు పెరిగెను. పూర్తియైన బండికే ఆ పన్ను, విడిభాగములకు లేదు. కావున బండిని భాగములుగా కొని ఇంటివద్ద బిగించుకొన్నచో పన్ను తప్పును. 1957లో వెలువడిన లోటస్ సెవెన్ అను బండి ఇట్లు పూర్తిబండి వెలలో ఇంచుమించు సగమునకే దొరకెను. బిగించు విధానము వ్రాసి యిచ్చిన పన్ను పడునని, విప్పు విధానమును వ్రాసి యిచ్చిరనియు, కొన్నవాడు దానిని తుదినుండి మొదటికి చదువుకొన్నాడనియు ఒక కథ ప్రచారమందున్నది.

అదే కాలమున గాజునారతో పోసిన పైగూళ్ళు బజారులోనికి వచ్చెను. చీకిపోయిన ఫోర్డు బండి గూడును దింపి, ఆ చట్రముపై వీనిని దించిన చాలును, చూచువారికి పందెపుబండి. 1959లో మార్కోస్ సంస్థను స్థాపించిన జెమ్ మార్ష్, ఫ్రాంక్ కాస్టిన్ అనువారు చట్రమునే చెక్కపలకలతో చేసిరి. కాస్టిన్ అంతకుముందు విమాన కర్మాగారమున పనిచేసినవాడగుటచే చెక్కబలము నెఱిగినవాడు.

ఏ వెలుగునకైనను వెనుక నీడ యుండును. 1960లో పదియేండ్లు దాటిన బండ్లకు బ్రేకులు, దీపములు, నడుపు చక్రము పరీక్షింపవలె నను నిబంధన వచ్చెను. అందు తప్పిన పాతబండ్లు తుక్కు అంగళ్ళకు తరలెను. 1962 నవంబరులో పన్ను 25 శాతమునకు దిగెను; చవకయైన చిన్నబండ్లును కర్మాగారములనుండి వచ్చుచుండెను. 1973 ఏప్రిలులో కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను రాగా, పెట్టెలో వచ్చు బండికి పన్ను లాభము లేకపోయెను. ఎన్నో చిన్నసంస్థలు మూతపడెను. లోటస్ సెవెన్ హక్కులను ఆ యేడే కేటర్‌హామ్ అను సంస్థ గ్రహించి ఆ వంశమును నిలిపెను. ఆదాయమునకై కాక అభిరుచికై బండి కట్టువారు మాత్రము ఎక్కడను అంతరింపలేదు.

ఇక ధర్మసందేహము. నేడు ఒకనికి పాత స్పెషల్ ఒకటి తుప్పుపట్టి దొరకినదనుకొనుడు. క్రింద 1930 నాటి ఆస్టిన్ చట్రము; పైన ఎవడో 1955 ప్రాంతమున చేతితో కొట్టిన రేకుగూడు. దీనిని బాగుచేయుట యెట్లు? ఒక పక్షమువారు, “రేకుగూడు పారవైచి కర్మాగారమునుండి వచ్చినట్లు మూలరూపమున నిలుపుము” అందురు. వారి మాటలోను న్యాయము లేకపోలేదు. స్పెషల్‌ల కొఱకై ఎన్నో మంచి సెలూను బండ్లు విప్పబడి నశించినవి. రెండవ పక్షమువారు, “ఆ రేకుగూడును ఇప్పుడొక చరిత్రమే, దానిని తీసిన ఒక మనుష్యుని జీవితకాలపు శ్రమను తుడిచినట్లగును” అందురు. మూడవవారు, “బండి తిరుగుటకు పుట్టినది, మంచి బ్రేకులు పెట్టి తిప్పుము” అందురు.

ఈ వివాదము మనకు క్రొత్తది కాదు. మిలిందపన్హ యందు నాగసేన భిక్షువు మిలిందరాజును, రథమనగా ఇరుసా, చక్రములా, నొగయా అని అడిగి, ఏదియు విడిగా రథము కాదని ఒప్పించెను. మన పల్లెలలో తాతనాటి బండికి తండ్రి ఇరుసు మార్పించును, కుమారుడు చక్రములు మార్పించును. అయినను అది తాతగారి బండియే. బ్రిటనులో బండ్ల నమోదు కార్యాలయమువారు చాలకాలము దీనికి అంకెలతో జవాబు చెప్పిరి. చట్రమునకు 5, ఇంజనునకు 1, ఇరుసులు మొదలగువానికి రెండేసి చొప్పున గుణములిచ్చి, 8 వచ్చినచో పాతసంఖ్యయే నిలుచునని నియమించిరి. అధికారికి ఆ లెక్క చాలును. చరిత్రకారునికి చాలదు. ఆ లెక్కలో రేకుగూడునకు విలువయే లేదు. కట్టినవాని చేయి కనబడునది మాత్రము దానియందే.

ఇందేమి పోవునో ఒక్క దృష్టాంతముచే తెలియును. చాప్మన్ కట్టిన మొదటి బండిని అతడు 1950లో విక్రయించెను. అతడు 1982లో గతించెను. అతని సంస్థ ప్రపంచపు పందెములలో ఏడుమార్లు నిర్మాతల పట్టము గెలిచినది. అయినను ఆ మొదటిబండి ఎక్కడనున్నదో తెలియరాలేదు. 70 ఏండ్లు నిండిన సందర్భమున, 2018లో, అతని కుమారుడు దానిని వెదకుడని లోకమును వేడుకొనెను. అది అమ్మకమైన నాటికి అది యొక పాత ఆస్టినుపై చెక్కగూడు మాత్రమే. ఎవడైనను దానిని “మూలరూపమునకు” తెచ్చు సదుద్దేశముతో ఆ గూడును పొయ్యిలో పెట్టియుండవచ్చును. అట్లు చేసినవానిని తప్పుపట్టుటకును వీలులేదు. దాని విలువను చెప్పు కాగితము అతని చేతిలో లేదు.

అందుచేతనే పాతబండ్ల సంఘముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో టూరిన్ శాసనపత్రమను నియమావళిని ఆమోదించినది. ఉన్నదానిని ఉన్నట్లు కాపాడుట మొదటి ధర్మమనియు, బండి జీవితకాలమున జరిగిన మార్పులును దాని చరిత్రలో భాగములే యనియు, చేసిన పనినెల్ల వ్రాసి యుంచవలెననియు దాని సారాంశము. నాకును ఇదియే సమంజసమని తోచుచున్నది. మార్చవద్దని నేననను. మార్చకున్న స్పెషల్ అనునదే పుట్టియుండదు. అది పుట్టకున్న చాప్మనుడు లేడు. న్యూజీలండులో కౌమారమున తండ్రితో గూడి పాత ఆస్టిన్ సెవెనును బాగుచేసి పందెమునకు దిగిన బ్రూస్ మెక్‌లారెనును లేడు. కాని మార్చుటకు ముందు కొలిచి, చిత్రించి, తీసిన భాగమునకు చీటి కట్టి అటుకపై భద్రపఱచుట మన చేతిలోని పని. దానికి వ్యయము స్వల్పము.

పెద్దలారా, మీ యిండ్లలో మోటారు బండి లేకపోవచ్చును. పాతతలుపో, నూనెగానుగయో, ఊరి రథమో యుండును. దానిని బాగుచేయించు దినమున వడ్రంగి తీసివైచిన చెక్కను పొయ్యికి పంపుటకు ముందొకమాఱు త్రిప్పి చూడుడు. ఎవరు చేసిరి, ఏ యేట మార్చిరి అను రెండు పంక్తులు ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. మీ మనుమలు ఆ ప్రశ్నలే అడుగుదురు. అప్పుడు చెప్పుటకు మనముండము.

ఇంతటితో సెలవు.