చిన్నపిల్లల తల, మెడ శస్త్రచికిత్సల్లో నాడీ చిత్రణ

శిశువులకు, చిన్నపిల్లలకు తల, మెడ భాగాల్లో శస్త్రచికిత్స తలపెట్టినప్పుడు, అక్కడి నాడులు ఏ దారిన పోతున్నాయో, కణితి ఒత్తిడికి పక్కకు జరిగాయో, అసలు ఏర్పడనే లేదో ముందుగా తెలుసుకోవడానికి ప్రధానంగా ఎంఆర్ఐతో చిత్రాలు తీసే పద్ధతే నాడీ చిత్రణ.

ముఖ కండరాలను కదిలించే ముఖనాడి విషయంలో దీని అవసరం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ నాడి చెవి కింద పుర్రె నుంచి వెలువడి, చెవి ముందున్న పెరోటిడ్ లాలాజల గ్రంథిలోకి ప్రవేశించి శాఖలుగా చీలుతుంది. పెద్దవారిలో చెవి వెనుక పొడుచుకొచ్చే మాస్టాయిడ్ ఎముక దానికి రక్షణగా ఉండటమే కాక శస్త్రవైద్యుడికి ఆనవాలుగానూ పనికొస్తుంది. పుట్టిన బిడ్డలో ఆ ఎముక మొన ఇంకా ఎదగదు కనుక నాడి చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. పెద్దల శరీర నిర్మాణాన్ని బట్టి అక్కడ కోత పెడితే నాడి తెగి, ముఖం ఒకవైపు వాలిపోవచ్చు, కనురెప్ప మూతపడక కంటి నల్లగుడ్డుపై పొర దెబ్బతినవచ్చు. పిండదశలో మూసుకుపోవలసిన మొదటి మొప్ప చీలిక అవశేషాలు, శోషరస నాళాల వైకల్యాలు ఈ నాడి శాఖలకు పైనో, కిందో, మధ్యనో వ్యాపించి ఉండటం చిక్కును మరింత పెంచుతుంది.

ఇలాంటి నాడులను ముందుగా చూసే వీలు క్రమంగా వచ్చింది. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణాలు ప్రధానంగా ఎముకలనే చూపాయి. 1971లో లండన్‌లో తొలిసారి రోగిపై వాడిన సీటీ స్కాన్, ఆ తరువాతి మెరుగుదలలతో, నాడి ప్రయాణించే ఎముక సొరంగాన్ని చూపగలిగింది గాని నాడిని చూపలేకపోయింది. లాటర్‌బర్ 1973లో వెల్లడించిన అయస్కాంత అనునాద చిత్రణతో మృదు కణజాలాన్ని చూసే దారి తెరుచుకుంది. 1992-93లో ఫిల్లర్, హౌ తదితరులు చుట్టూ ఉన్న కొవ్వు, కండరాల సంకేతాలను అణచి నాడిని ప్రత్యేకంగా చూపే విధానాన్ని ప్రచురించారు. నాడీతంతువుల వెంట నీటి అణువులు అడ్డంగా కంటె పొడవునా సులువుగా కదులుతాయన్న సూత్రంపై బాసర్, మాటియెల్లో, లె బియాన్ 1994లో మరో విధానాన్ని రూపొందించారు.

పిల్లలకు అత్యధికంగా మేలు చేసినది మాత్రం లోపలి చెవి చిత్రణ. మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తెల్లగా, నాడులను సన్నని నల్లని గీతలుగా చూపే త్రిమితీయ ఎంఆర్ఐ పద్ధతులు 1990 దశకంలో వచ్చాక, లోపలి చెవి కాలువలోని ముఖనాడి, శ్రవణనాడి, రెండు సమతుల్య నాడులను విడివిడిగా గుర్తించడం సాధ్యమైంది. శ్రవణనాడికి విద్యుత్ సంకేతాలు పంపే కాక్లియర్ ఇంప్లాంట్‌కు ఆ నాడి ఉండటం ప్రాథమిక అవసరం కాగా, ఎముక కాలువ మామూలు వెడల్పున ఉన్నా నాడి లేకపోవచ్చు. అందుకే సీటీ ఒక్కటే చాలదు. నాడి లేని పిల్లలకు మెదడు కాండంపైనే ఎలక్ట్రోడ్లు అమర్చే చికిత్సను ఇటలీలోని వెరోనాలో కొలెట్టి బృందం 2001 నాటికే నివేదించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కాక్లియర్ ఇంప్లాంట్‌ను పేద కుటుంబాల పిల్లలకు అందుబాటులోకి తేవడంతో ఈ పరీక్ష ప్రాముఖ్యం తెలుగునాటా పెరిగింది.

ఎంఆర్ఐకి బిడ్డ కదలకుండా ఉండాలి. పసికందులకు పాలుపట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి చిత్రాలు తీస్తారు. కాస్త పెద్ద పిల్లలకు తరచుగా మత్తు అవసరమవుతుంది. మూడేళ్లలోపు పిల్లలకు దీర్ఘమైన లేదా పదేపదే ఇచ్చే మత్తు విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించినందువల్ల, పరీక్షను కుదించి అవసరమైన చిత్రాలన్నీ ఒకేసారి తీయడం మేలు.

పెరోటిడ్ గ్రంథిలోని సన్నని శాఖలు మంచి యంత్రాల్లోనూ ప్రతిసారీ కనిపించవు. చిత్రంలో కనిపించని శ్రవణనాడి కొందరు పిల్లల్లో ఇంప్లాంట్‌కు స్పందించిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా, ముఖనాడి సమీపంలో శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ కండరాల విద్యుత్ స్పందనను గమనించే నాడీ పర్యవేక్షణ యంత్రాన్ని కూడా వాడడమే సురక్షితం.