కొప్పు పెంకు, సున్నపు గచ్చు, శీతకాలము

ఇంటి పైకప్పున రెండు వాలులును వచ్చి కలిసికొను చోటును మనవారు నడికొప్పనిరి. ఆ సంధిపై బోర్లించిన కొప్పు పెంకులును, వానిని పట్టి నిలుపు గచ్చును చెడినచో, క్రింది పెంకుల నెంత నేర్పుతో పేర్చినను వాననీరు తిన్నగా వాసముల మీదికే దిగును. మన దేశమున పచ్చి గచ్చునకు ఎండయు వడగాలియు శత్రువులు. ఇంగ్లండున దానికి పరమశత్రువు మంచు. ఆ దేశపు కొప్పుగచ్చు చరిత్రమంతయు శీతకాలముతో మనుష్యుడు చేసికొన్న ఒడంబడికల చరిత్రమే.

అచ్చట పెంకుటిండ్లు ప్రబలుటకు అగ్నిభయము ముఖ్యకారణము. 1212 జూలైలో లండను నగరము దగ్ధమైన పిమ్మట, క్రొత్త యిండ్లకు గడ్డికప్పు కూడదని కట్టడి చేసిరి. పెంకు వాడుక పెరిగినకొలది నాసిరకపు పెంకులును పెరిగెను. నాలుగవ ఎడ్వర్డు కాలమున, 1477 నాటి శాసనము పెంకుల కొలతలను నిర్ణయించెను: సామాన్యమైన పెంకు పొడవు పదిన్నర అంగుళములు, వెడల్పు ఆరుంబాతిక, కొప్పు పెంకు పొడవు పదుమూడంగుళములు. అంతకంటె నన్నాకర్షించునది ఆ శాసనమునందలి కాలనియమము. పెంకుమన్ను నవంబరు 1వ తేదీకి ముందే త్రవ్వి పోయవలెను. ఫిబ్రవరి 1వ తేదీకి ముందే దానిని కలియబెట్టి తిరుగవేయవలెను. మార్చి 1వ తేదీకి ముందు దానితో పెంకు చేయరాదు. ఏలయన, మంటిగడ్డలోని తేమ రాత్రులయందు గడ్డకట్టి ఉబ్బుటయు, పగళ్లయందు కరగుటయు జరుగగా జరుగగా, ఎట్టి మొండిగడ్డయైనను పొడిపొడియై, మెత్తనై, కుమ్మరిచేతికి లొంగును. పెంకు చేయువాడు ఏ మంచును కోరి పిలిచెనో, ఆ మంచునే పెంకు నిలుపువాడు ద్వారముకడనే వారింపవలసి వచ్చినది. ఈ వృత్తులు రెండును ఒక్క కప్పుక్రిందనే బ్రతుకుట నాకెప్పుడును ఆశ్చర్యమే.

తాపీవాని భయమునకు హేతువు కలదు. నీరు గడ్డకట్టునపుడు సుమారు నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బును. సున్నపు గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల సున్నపురాయిగా మారవలెను. అందులకు వారములును, మాసములును కావలెను. ఈలోగా లోని తడి గడ్డకట్టెనా, ఇంకను బలము చాలని గచ్చు లోలోపలనే చిట్లి, వసంతమునకు ఇసుకవలె రాలిపోవును. కావుననే మధ్యయుగమున అచ్చటి శిల్పులు చలి ముదిరినతోడనే గచ్చుపని చాలించి, సగము లేచిన గోడల తలలను గడ్డితోను, పేడతోను కప్పి, మరుసటి యేటి మంచిదినములకు ఎదురుచూచుచుండిరి.

ఈ ఓర్పునకు గండిపడినది సిమెంటు వచ్చిన పిమ్మట. ఎడ్డీస్టోను దీపస్తంభము కట్టబూనిన జాన్ స్మీటను, 1756 ప్రాంతమున, బంకమన్ను కలిసిన సున్నపురాతి సున్నము నీటిలోగూడ గట్టిపడునని కనుగొనెను. 1824 అక్టోబరు 21న లీడ్సు నగరపు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటునకు హక్కుపత్రము పొందెను. తరువాతివారు దానిని ఇంకను తీవ్రమైన వేడిలో కాల్చి నేటి సిమెంటుగా తీర్చిరి. త్వరగా గట్టిపడు పదార్థము చేతికి రాగానే, ఏ ఋతువునందైనను కొప్పు నెక్కవచ్చునను ఆశ పుట్టెను. అది దురాశ. చలి ముదిరినకొలది సిమెంటునకు నీటితో జరుగవలసిన రసాయనక్రియ మందగించును. మంచుపట్టిన పెంకునకు గచ్చు అంటుకొననే అంటుకొనదు. గట్టిపడినను, బిరుసైన యా సిమెంటు, ఎండకును చలికిని పెంకులు సాగి ముడుగుచుండగా తాను కదలలేక అంచువెంబడి వెండ్రుకవాసి పగులును. ఆ పగులున నీరు చేరి, గడ్డకట్టి, ప్రతియేడును దానిని పెద్దదిగా చేయును. పాత పగులుపై పలుచని క్రొత్త పూత పూయుట మరమ్మత్తు కాదు. పెంకు నెత్తి, పాత గచ్చును పూర్తిగ గీకి, మరల కూర్పవలెను. గచ్చు నొక్కదానినే నమ్మరాదని 2014లో సవరింపబడిన బ్రిటిషు ప్రమాణము, కొప్పు పెంకులను మరలతోను, బిళ్లలతోను గూడ బిగింపవలెనని విధించినది.

సున్నపు గచ్చునకు రాత్రింబగళ్లు 5 డిగ్రీల కంటె ఎక్కువ వేడిమి యుండవలెను. సిమెంటు గచ్చు విషయమున, ఉష్ణమాపకము 3 డిగ్రీలకు దిగుచున్నప్పుడు పని నిలుపుట అచ్చటి వాడుక. పని ముగిసిన పిదప గోనెపట్టాలు కప్పి రాత్రి మంచునుండి కాపాడవలెను. గచ్చు గడ్డకట్టకుండ ఉప్పులు కలుపువారును కలరు. ఆ ఉప్పు పెంకుపై తెల్లగ పూచును, ఇనుప మేకులను తినివేయును. నేనైతే దానిని ముట్టనీయను.

బ్రిటనున పాత యిండ్లలో కాపురముండు తెలుగువారు నేడెందరో యున్నారు. జనవరి గాలికి మీ కొప్పు పెంకు కదలినచో, పనివానిచేత దానిని భద్రముగ దింపించి, ఆ చోట నీరు దిగకుండ టార్పాలిను కట్టించి ఉంచుడు. గచ్చు మాత్రము మంచురాత్రులు గడచిన పిదపనే వేయింపుడు.